పిట్ట కాలికి కట్టిన చీటీ

మ్యూజియం సొరుగులో వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టను చూడగానే మనలాంటివాళ్ళ కన్ను దాని రంగుల మీద పడుతుంది. పక్షిశాస్త్రం చదువుకున్నవాళ్ళ కన్ను నేరుగా దాని కాలికి కట్టిన చీటీ మీదికి పోతుంది. ఏ ఊళ్ళో దొరికింది, ఏ తేదీన, ఆడదా మగదా, సేకరించింది ఎవరు అన్నవి అందులో ఉంటాయి. చీటీ ఊడిపోయిన పిట్ట ఎంత ముద్దుగా ఉన్నా చూడ్డానికే తప్ప శాస్త్రానికి అక్కరకు రాదు.

అలాంటి రాతల్లోకి మన అమ్రాబాద్ పీఠభూమి పేర్లు ఎక్కించిన మనిషి సలీం అలీ. 1931-32లో హైదరాబాద్ రాజ్యంలోని పిట్టలను సర్వే చేస్తూ ఆయన అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో మన్ననూరు, ఫరహాబాద్ అడవులకు వచ్చి మకాం వేశారు. 2016 అక్టోబర్‌లో పాత మహబూబ్‌నగర్‌ను విడదీశాక ఆ అడవి నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. పక్కన వనపర్తి, ఆ పక్కన కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల. ఈ మూడు జిల్లాల పిల్లలకు సలీం అలీ ఎక్కడో బొంబాయి మనిషిగానే తెలుసు. తమ కొండమీద నడిచి, తమ చెట్లకింద కూర్చుని రాసుకున్న మనిషిగా తెలియాలని నా ఆశ.

ఆయన గురించి తెలియాల్సింది మరొకటి కూడా ఉంది. మెడలో బైనాక్యులర్లతో ఉన్న ఫొటోలే అందరికీ గుర్తు. బల్ల ముందు కూర్చుని ఇతరుల వ్యాసాలు దిద్దిన సంపాదకుడు సలీం అలీ ఎవరికీ గుర్తు లేడు. మన దేశంలో పిట్టలకూ జంతువులకూ దక్కిన కొద్దిపాటి రక్షణలో ఆ బల్ల దగ్గర జరిగిన పనికి పెద్ద వాటా ఉందని నేను నమ్ముతాను. ఈ అధ్యాయం అందుకే.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. ఊహ తెలియకముందే తల్లీ తండ్రీ పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతుమీద పసుపు మచ్చ కనిపించి, అదేం పిట్టో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కిన కథ చాలామంది చదివే ఉంటారు. సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ ఆ కుర్రాడికి పిట్ట పేరు చెప్పి పంపెయ్యలేదు. సొరుగులన్నీ తెరిచి చూపించాడు. ఆ సొసైటీ 1883లో పుట్టింది. 1886 నుంచి ఒక జర్నల్ నడుపుతోంది. ఈ జర్నల్‌ను గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సలీం అలీకి యూనివర్సిటీ డిగ్రీ లేదు. బర్మాలో ఖనిజాలూ కలపా వ్యాపారం చూశారు, అది అచ్చిరాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో భారతీయ పక్షులమీద ఆఖరి మాట హ్యూ విస్లర్ అనే ఇంగ్లీషు పోలీసు అధికారిది. తోక చివర రెండు బిళ్ళలు వేలాడే పెద్ద పసులపోలిగాడు ఉంది కదా, నల్లమలలో తిరిగేవాళ్ళు చూసే ఉంటారు. దాని తోక ఈకకు లోపలి వైపు కుచ్చు ఉండదని విస్లర్ సొసైటీ జర్నల్‌లో రాశాడు. అది తప్పని సలీం అలీ అదే జర్నల్‌కు ఒక చిన్న నోటు పంపారు. ఈక కాడ మెలితిరిగి ఉండడంవల్ల అలా అనిపిస్తుందని, పాత పుస్తకాల్లోని పొరపాటునే ఒకరి వెనక ఒకరు ఎత్తిరాస్తూ వచ్చారని ఆయన వాదన. ఊరూ పేరూ తెలియని ఒక భారతీయుడు తనను దిద్దడం విస్లర్‌కు కష్టం కలిగించింది. జర్నల్ సంపాదకుడు ప్రేటర్‌కు ఘాటుగా రాశాడు. తర్వాత తన దగ్గరున్న పిట్టలనే మళ్ళీ తీసి చూసుకున్నాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరూ ప్రాణస్నేహితులు.

ఈ చిన్న ఘటనను నేను గొప్పదిగా భావిస్తాను. ఒక పోలీసు దొరకూ ఒక గైడుకూ మధ్య తగవు వస్తే 1929 నాటి భారతదేశంలో ఎవరి మాట చెల్లాలి? ఈక చెప్పిన మాట చెల్లింది. రెండు వైపుల మాటా వినిపించే పత్రిక ఒకటి ఉండబట్టే అది సాధ్యమైంది.

ఆ తర్వాత బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర శిక్షణ పొంది తిరిగి వచ్చేసరికి మ్యూజియం ఉద్యోగం లేదు, డబ్బులేక పోస్టు ఎత్తేశారు. భార్య తెహ్మీనాతో కలిసి బొంబాయికి ఎదురు తీరంలోని కిహిం పల్లెకు వెళ్ళారు. అక్కడ గిజిగాళ్ళు గూళ్ళు కడుతుంటే రోజుల తరబడి పక్కన కూర్చుని చూశారు. బావిమీదికి వంగిన తుమ్మకొమ్మకు వేలాడే గిజిగాడి గూడును మన ఊళ్ళలో చూడనివాళ్ళు ఉండరు. ఆలుమగలిద్దరూ కలిసి కట్టుకుంటారని మనం అనుకుంటాం. సలీం అలీ చూసింది వేరు. కట్టేది మగదే. గూడు సగం అయ్యాక ఆడపిట్టలు వచ్చి లోపలికి దూరి, పీకి, లాగి పరీక్షిస్తాయి. నచ్చితే ఒకటి అక్కడ ఉండిపోతుంది. అప్పుడు మగది గొట్టంలాంటి దారి కట్టి గూడు పూర్తిచేస్తుంది. ఆడది గుడ్లు పెట్టగానే మగది ఆ గూడును వదిలి పక్కకొమ్మకు ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే మిగిలిపోతుంది. కొమ్మలకు కనిపించే మొండి గూళ్ళ వెనక కథ ఇదే. ఈ పరిశీలన కూడా సొసైటీ జర్నల్‌లోనే అచ్చయింది, ఆయనకు పేరు తెచ్చింది.

పేరు వచ్చింది కానీ ఉద్యోగం రాలేదు. అప్పుడు సలీం అలీకి ఒక ఆలోచన తట్టింది. సంస్థానాల్లో పిట్టల సర్వేలు సరిగా జరగలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ వైపు తూర్పు కనుమలను వెర్నే అనే ఆయన పేరిట నడిచిన సర్వే అప్పటికే గాలిస్తోంది, నల్లమలలో కర్నూలు వైపు భాగం అందులోకి వచ్చింది. కృష్ణ దాటితే నిజాం రాజ్యం, 82,000 చదరపు మైళ్ళకు పైగా నేల, పక్షిశాస్త్రం పటంలో దాదాపు ఖాళీ. జీతం అక్కర్లేదు, మకాం ఖర్చులూ దారి ఖర్చులూ భరిస్తే చాలన్నారు ఆయన. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. అలా హైదరాబాద్ రాజ్య పక్షి సర్వే మొదలైంది.

ఫరహాబాద్ ఎలాంటి చోటో చెప్పాలి. మన్ననూరు దగ్గర ఘాటు ఎక్కితే శ్రీశైలం దారిలో 2,000 అడుగులకు పైన ఈ కొండమీది సమతలం వస్తుంది. నిజాం వేట విడిదికి కట్టిన గోడలు అక్కడ ఇప్పటికీ పాడుబడి నిలిచి ఉన్నాయి. చుట్టూ నల్లమద్ది, తునికి, వెదురు. మధ్యమధ్య చెంచుల పెంటలు, అంటే గూడేలు. సలీం అలీ వచ్చి వెళ్ళిన కొన్నేళ్ళకు, 1940లో, ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఈ పెంటల్లోనే ఉండి చెంచుల జీవితాన్ని గ్రంథస్థం చేశాడు. దాదాపు పదేళ్ళ వ్యవధిలో ఈ కొండమీది పిట్టలూ మనుషులూ శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కారు.

తెహ్మీనా సర్వే మకాంలలో తోడుగా ఉన్నారు, విడిది బాగోగులు చూసుకున్నారు. పిట్టల శాస్త్రం చరిత్ర రాసేటప్పుడు ఆమె పేరు ఒక వాక్యంతో సరిపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. 1939లో ఒక ఆపరేషన్ తర్వాత ఆమె చనిపోయారు. ఆ దెబ్బనుంచి సలీం అలీ తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఇంతకీ సర్వే అంటే ఏం చేసేవారు? తెల్లవారకముందే తుపాకీతో బయల్దేరేవారు. అవును, తుపాకీతోనే. పిట్టల ప్రేమికుడు పిట్టలను కాల్చడమేమిటని ఇప్పటి చదువరికి మనసు కలుక్కుమంటుంది. అప్పటి బైనాక్యులర్లతో, ఫీల్డు పుస్తకాలు లేని కాలంలో, ఒకేలా కనిపించే రెండు చిన్న పిట్టలను చేతిలోకి తీసుకోకుండా తేల్చడం కుదిరేది కాదు. కొట్టిన పిట్టను మధ్యాహ్నం ఎండ ముదిరేలోపే కోయాలి. పొట్టమీద సన్నగా గాటుపెట్టి, ఈకకు రక్తం అంటకుండా చర్మాన్ని మేజోడు తిప్పినట్టు తిప్పి తీస్తారు. పురుగు పట్టకుండా లోపల పాషాణం కలిసిన సబ్బు రాస్తారు. దూది కూరి కుట్టేస్తారు. శరీరం లోపలి బీజకోశాలు చూసి ఆడో మగో తేలుస్తారు. గుడ్లు పెట్టే రోజులా కాదా అన్నది కూడా వాటి సైజును బట్టే తెలుస్తుంది. రెక్క, ముక్కు, తోక, కాలు మిల్లీమీటర్లలో కొలుస్తారు. కన్ను రంగు, ముక్కు రంగు చచ్చిన కాసేపటికే మారిపోతాయి కాబట్టి ముందే రాసుకోవాలి. చివరికి చీటీ రాసి రెండు కాళ్ళకూ కలిపి కడతారు.

సలీం అలీ గొప్పతనం ఇక్కడ మొదలవుతుంది. ఆయనకు ముందు సర్వేలంటే తోళ్ళు పోగేసి పంపడమే. ఆయన బతికున్న పిట్ట ఏం చేసిందో కూడా రాశారు. ఏ చెట్టుమీద ఉంది, ఏ పువ్వు తేనె తాగింది, ఎన్ని కలిసి తిరిగాయి, ఏ నెలలో గూడు కట్టింది. తోళ్ళను పోల్చి జాతులూ ఉపజాతులూ తేల్చే పనిలో విస్లర్ చెయ్యి వేశాడు, అడవిలో కళ్ళతో చూసిన నోట్సు సలీం అలీవి. ఆ రెండూ కలిసి 1933, 1934 సంవత్సరాల్లో సొసైటీ జర్నల్‌లో విడతలుగా అచ్చయ్యాయి. తెలంగాణ పిట్టలమీద ఎవరు ఏం రాయాలన్నా ఇప్పటికీ అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఊరి పేరు సరిగా రాయకపోతే ఏమవుతుందో తెలియాలంటే నల్లమలలోనే ఒక సాలెపురుగు కథ ఉంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త నీలంగా మెరిసే ఒక పెద్ద సాలెపురుగును వర్ణించాడు. అది దొరికింది గుత్తిలో, రైల్వే కట్టెల యార్డులో. అందుకే ప్రపంచమంతా దాన్ని గుత్తి సాలెపురుగు అంటుంది. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా ఎవరికీ అది కనిపించలేదు. గుత్తి చుట్టుపక్కల దానికి తగిన అడవే లేదు! 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల చెట్ల తొర్రల్లో మళ్ళీ దొరికింది. రైలెక్కిన కట్టెలతోపాటు గుత్తి చేరి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. చీటీమీద రైలు దిగిన ఊరు మిగిలింది, పుట్టిన చెట్టు పోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రేటర్ దేశం విడిచి వెళ్ళారు. సొసైటీ భారం, జర్నల్ భారం భారతీయుల చేతికి వచ్చాయి. సలీం అలీ, స్పెయిన్ నుంచి వచ్చి మనదేశంలో స్థిరపడిన వృక్షశాస్త్రవేత్త ఫాదర్ సంతాపావ్ కలిసి జర్నల్‌కు సంపాదకులయ్యారు. సొసైటీ డబ్బుకు ఇబ్బందిపడినప్పుడు సలీం అలీ నెహ్రూకు రాసి సాయం తెచ్చారు. అవార్డులూ పద్మవిభూషణ్ అందరూ చెబుతారు కాబట్టి నేను వాటి దగ్గర ఆగను. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం లక్షల మందిని పిట్టలవైపు తిప్పింది. డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల హ్యాండ్‌బుక్ 1968 నుంచి 1974 దాకా వచ్చింది.

ప్రకృతి పత్రిక సంపాదకుడి పని బయటివాళ్ళకు కనిపించదు. ఎక్కడో అటవీ ఉద్యోగి, తేయాకు తోటల మేనేజరు, బడిపంతులు ఒక వింత పిట్టను చూశానని ఉత్తరం రాస్తాడు. సంపాదకుడు తిరిగి అడుగుతాడు: ఎంత దూరం నుంచి చూశావు, ఎండ ఎటునుంచి ఉంది, దాన్నే పోలిన ఇంకో పిట్ట కాదని ఎలా చెప్పగలవు? విశేషణాలు కొట్టేస్తాడు. తేదీ లేకపోతే వెనక్కి పంపుతాడు. ఇదంతా చాదస్తంగా తోచవచ్చు. ఈ చాదస్తం ఎంత పని చేసిందో మన రాబందులే సాక్ష్యం.

మా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిపడితే గంటలో రాబందులు దిగేవి. తర్వాత్తర్వాత రావడం మానేశాయి. కాలం మారింది, అవి ఎటో పోయాయి అనుకున్నారు జనం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో మాత్రం 1980ల నడుమ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ రాబందులనూ వాటి గూళ్ళనూ లెక్కపెట్టి రాసిపెట్టారు. 1990ల చివర మళ్ళీ లెక్కపెట్టారు. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి 1999లో సొసైటీ జర్నల్‌లో ప్రచురించారు. రాబందులు కుప్పకూలిపోతున్నాయని లోకానికి తెలిసింది ఆ వ్యాసంతోనే. కారణం కోసం వెతికితే 2004 నాటికి దొరికింది. పశువులకు వాపుకూ నొప్పికీ ఇచ్చే డైక్లోఫెనాక్ మందు. మందు పడ్డ పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతింటాయి, యూరిక్ ఆమ్లం తెల్లటి సుద్దలా లోపలి అవయవాల మీద పేరుకుపోతుంది, రోజుల్లోనే చస్తుంది. 2006లో పశువైద్యంలో ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. అప్పటికే చాలా ఆలస్యమైంది. 2007 లెక్క ప్రకారం మన దేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య పదిహేనేళ్ళలో వెయ్యికి ఒకటిగా పడిపోయింది.

పాత లెక్క లేకుంటే కొత్త లెక్కకు అర్థం లేదు. భరత్‌పూర్‌లో ఎన్ని గూళ్ళు ఉండేవో రాసిపెట్టిన మనిషి ఉన్నాడు కాబట్టి మందు పట్టుబడింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఎన్ని రాబందులు ఉండేవో ఎవరైనా రాసుకుని ఉంటే ఆ కబురు ఇంకా కొన్నేళ్ళ ముందే అందేదేమో అనిపించి బాధేస్తుంది.

బట్టమేక పిట్టది ఇంతకన్నా దగ్గరి కథ. మనిషి నడుం దాటే ఎత్తు, మగది పది కిలోలకు పైగా తూగుతుంది, ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. దీనికి దట్టమైన అడవి పనికిరాదు, మెట్ట పచ్చికబీడు కావాలి. దీన్ని జాతీయ పక్షి చేయాలని సలీం అలీ కోరుకున్నారు. నెమలికి దక్కింది. గద్వాల నడిగడ్డ నుంచి తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు సీమలో, రోళ్ళపాడు బీళ్ళలో, 1980లలో సొసైటీ శాస్త్రవేత్తలు ఉండి వీటి జీవితాన్ని చదివారు. 1988లో అక్కడ అభయారణ్యం వచ్చింది. కానీ చుట్టూ బీళ్ళు సాగులోకి పోయాయి, నీళ్ళు వచ్చాయి, పంటలు మారాయి. పిట్ట ఖాళీ చేసింది. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో ఇవి చాలా కొద్దిగానే మిగిలాయి. సొసైటీ పరిశోధనల్లోనే 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర కలివి కోడి దొరికింది. 1900 తర్వాత ఎవరికీ కనబడని పిట్ట. బొమ్మ చూసి ఇది మా దగ్గర ఉందని చెప్పినవాళ్ళు, రాత్రిపూట పట్టి చూపినవాళ్ళు పల్లెటూరి పిట్టల వేటగాళ్ళు. తన తొంభయ్యో ఏట సలీం అలీకి ఈ కబురు అందింది. 1987లో ఆయన కన్నుమూశారు.

ఆయన వేసిన దారి హైదరాబాద్‌లో ఆగిపోలేదు. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. దాని పత్రికలకు మయూర, పిట్ట అని పేర్లు. సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితా వేశారు. ఆశీష్ పిట్టీ 2004లో మొదలుపెట్టిన పత్రిక తర్వాత ఇండియన్ బర్డ్స్ అయింది. దక్షిణాసియా పక్షులమీద వచ్చిన రచనలన్నిటినీ ఒక్కచోట చేర్చిన సూచి కూడా ఆయనదే. జీతం లేని, చప్పట్లు లేని పని. ఇలాంటి సంపాదకులకు మన తెలుగు సమాజం ఇవ్వాల్సిన గౌరవం ఇంకా ఇవ్వలేదు.

2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు బోర్లు వేసే ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచులు, అక్కడి పల్లెలు, చదువుకున్న యువకులు గట్టిగా అడ్డుకున్నారు. సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇలాంటి పోరాటాల్లో 'మా అడవిలో ఏముంది' అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. దానికి తేదీలతో, ఊళ్ళ పేర్లతో జవాబు చెప్పగలిగితే వాదనకు బలం వస్తుంది.

2031కి హైదరాబాద్ రాజ్య పక్షి సర్వే మొదలై నూరేళ్ళు నిండుతాయి. ఈలోగా ఈ మూడు జిల్లాల ఉపాధ్యాయులను, కాలేజీ పిల్లలను ఒకటే అడుగుతున్నాను. నల్లమల ఎక్కగలిగినవాళ్ళు నల్లమలలో, నడిగడ్డవాళ్ళు పత్తిచేల గట్లమీద, వనపర్తివాళ్ళు చెరువుకట్టల మీద, సరళాసాగర్ ఒడ్డున చూడండి. తుపాకీ అవసరం ఎప్పుడో తీరిపోయింది. ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, టైము, ఊరు, ఊరికి ఎంత దూరం, ఏ పిట్ట, ఎన్ని. పేరు తెలియకపోతే ఊరి పెద్దలు ఏమంటారో అదే రాయండి. ఏమీ కనిపించని రోజు ఏమీ కనిపించలేదని రాయండి, అదీ లెక్కే. ఏడాది నిండాక ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి, కొత్త సంగతి ఉంటే పత్రికకు పంపండి. సంపాదకులు తిరగ్గొట్టి ప్రశ్నలు వేస్తే నొచ్చుకోకండి, జవాబు రాసి మళ్ళీ పంపండి.